మూడో సంతకం

9 మార్చి 1997, ఆదివారం

ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఓనర్ కొడుక్కి పెళ్ళట, గదులు కావాలట. ఆ కొడుకు తొమ్మిదో తరగతి. నా క్లాసులోనే మూడో బెంచీలో కూర్చుంటాడు. పోయిన ఆదివారం మేము చర్చి నుంచి వస్తుంటే ఓనర్ భార్య ఎదురైంది. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది. చెప్పాను. సంగతి అంతే.

కోరుట్లలో పదకొండేళ్ళలో ఇది ఆరో ఇల్లు. మా ఆయన జలపతి ఏమీ అనలేదు. లైన్‌మన్ కదా, స్తంభం ఎక్కడం, నోరు మూసుకోవడం, రెండే వచ్చు ఆయనకు. ఈసారి నేనే అన్నాను, సొంతది కొందామని. గవర్నమెంటు టీచర్‌ని. ఇంకా ఇరవై ఏళ్ళ సర్వీసుంది. బ్యాంకు లోన్ ఎందుకివ్వదు?

16 మార్చి

జగన్మోహన్ రావు గారి ఇల్లు అమ్మకానికి ఉందని నిన్న స్కూల్లో విన్నాను. ఇవాళ సాయంత్రం ఇద్దరం వెళ్ళి చూశాం. హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనుక చేదబావి, బావి పక్కన సీతాఫలం చెట్టు. గోడలకు చెమ్మ లేదు.

వాళ్ళు వెల్గటూర్ దిక్కు దొరలు. ఎనభై రెండులో ఊళ్ళో దొరల మీద కూలీల సంఘం లేచినప్పుడు తండ్రి శ్యాంసుందర్ రావు ఊరు వదిలి వచ్చి ఈ ఇల్లు కొన్నాడట. ఆయన తొంభై ఒకటిలో పోయాడు. ఇప్పుడు తల్లి జానకమ్మ, కొడుకు జగన్మోహన్ రావు, ఇద్దరే ఉంటారు. ఆయనకు ఎరువుల దుకాణం. నలభై దాటినా పెళ్ళి కాలేదు. అన్నీ అమ్ముకుని హైదరాబాద్ పోతాడట.

మా అవ్వ కొడిమ్యాలలో ఇలాంటి దొర ఇంట్లోనే నలభై ఏళ్ళు పశువుల కొట్టం ఊడ్చింది. గడప లోపల ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. నేను ఇవాళ వంటింట్లో నిలబడి, గ్యాసు పొయ్యి ఎటువైపు పెట్టుకోవాలా అని ఆలోచించాను.

జానకమ్మ మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు నా చేతికివ్వలేదు, కిటికీ గట్టు మీద పెట్టింది. తీసుకుని తాగాను. హాల్లో ఒక అమ్మాయి ఫోటో ఉంది, జడ ముందుకు వేసుకుని. ఎవరని అడిగాను. "నా బిడ్డ" అంది జానకమ్మ. జగన్మోహన్ రావు వెంటనే బావిలో నీళ్ళ సంగతి ఎత్తుకున్నాడు.

27 మార్చి

బయానా ఇచ్చాం. దస్తావేజులు రాసే నర్సన్న అగ్రిమెంట్ రాశాడు. బ్యాంకు మేనేజర్ శాంక్షన్ లెటర్ చేతిలో పెట్టాడు. ఆరు నెలలే చెల్లుతుందట. బ్యాంకు వకీలు కాగితాలన్నీ చూసి లీగల్ ఒపీనియన్ ఇచ్చాకే డబ్బు విడుదల చేస్తారట.

ఆ లెటర్ జలపతి మూడుసార్లు చదివాడు. ఇంగ్లీషు రాదు ఆయనకు.

5 ఏప్రిల్, జగిత్యాల

బ్యాంకు వకీలు శ్రీనివాస్ రావు ఆఫీసు కోర్టు ఎదురుగా, మేడ మీద. జగన్మోహన్ రావు కాగితాల సంచీ పట్టుకుని వచ్చాడు. నేను నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకుపోయాను. ఇల్లు బ్యాంకు పేరున ఉంటుందా, నా పేరునా? మధ్యలో నేను పోతే జలపతిని బయటికి పంపుతారా? వకీలు నవ్వాడు కానీ ఓపిగ్గానే చెప్పాడు. "కుదువ అంటె ఇల్లు రాసిచ్చుడు కాదు మేడం. ఇల్లు మీ పేరు మీదనే ఉంటది. ఒరిజినల్ కాయిదాలు బ్యాంకు పెట్టెల ఉంటయి. అప్పు తీరిననాడు వాపస్."

తర్వాత అడగడం ఆయన వంతయింది. ఎనభై రెండు నాటి సేల్ డీడ్ ఉందా? ఉంది. ఇంటి మీద వేరే అప్పులూ అమ్మకాలూ లేవని రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీ ఉందా? ఉంది. తండ్రి వీలునామా? లేదు. అయితే వారసులెందరు?

ముగ్గురని జగన్మోహన్ రావు మెల్లగా అన్నాడు. తల్లి, తను, చెల్లెలు ఇందిర.

"అయితె ముగ్గురు సంతకం పెట్టాలె. తలా మూడో వంతు. చెల్లె ఏడుంటది?"

"లేదు."

"లేదంటె? చనిపోయిందా?"

ఆయన తల ఎత్తి ఫ్యాను వైపు చూశాడు. తెల్వదన్నాడు.

తిరుగు బస్సులో నాకు చెప్పాడు. ఎనభై ఎనిమిదిలో ఇక్కడే జగిత్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్ నుంచి వెళ్ళిపోయిందట. అడవికి పోయి అన్నలలో కలిసింది. మొదటి ఏడాది ఒక ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత పోలీసులు రావడమే. బయానా తీసుకునే ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే మీరు కొంటరా అన్నాడు.

12 ఏప్రిల్

నర్సన్న దగ్గర ఉపాయం ఉంది. రెండు పేర్లే రాసిన వారసుల సర్టిఫికెట్ తెప్పిస్తాడట. ఊళ్ళో సగం ఇళ్ళు అట్లనే చేతులు మారినయి టీచరమ్మా అన్నాడు.

ఎస్టీడీ బూత్ నుంచి వకీలుకు ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు. "రెండు పేర్ల కాయిదం అస్తె నేను రెండు పేర్లే రాస్త. గని రేపు ఆ పిల్ల గేటు ముంగట నిలవడితె మూడో వంతు ఆమెదే. మీరు కిస్తులు కట్టేది మాత్రం మొత్తం ఇంటికి."

వద్దన్నాను. నర్సన్న నన్ను జాలిగా చూశాడు.

20 ఏప్రిల్

వకీలు ఇంకో దారి చెప్పాడు. ఏడేళ్ళు ఎవరికీ కనబడని, వినబడని మనిషిని చనిపోయినట్టు కోర్టు ప్రకటిస్తుంది. ఇందిర ఇల్లు వదిలి తొమ్మిదేళ్ళు. జగన్మోహన్ రావు దుకాణంలో నాకు సోడా తెప్పించాడు. రెండు నెలల్లో పని అవుతుందని ఇద్దరం సంతోషపడ్డాం.

22 ఏప్రిల్

కాదట. బస్టాండ్ గోడ మీద పోలీసుల పోస్టర్ ఉంది, లొంగిపొమ్మని. అందులో ఇందిర ఫోటో ఉంది. పోయిన నవంబర్‌లో వేసిన పోస్టర్. బతికి ఉందని ప్రభుత్వమే గోడలకు అంటిస్తుంటే కోర్టు ఎట్ల కాదంటది మేడం, అన్నాడు వకీలు.

వెళ్ళి చూశాను. రెండో వరసలో మూడోది. వాళ్ళ హాల్లో ఉన్న ఫోటోనే.

4 మే

సెలవులు. జానకమ్మ కబురు పెడితే వెళ్ళాను. కొడుకు లేడు. ఈసారి గ్లాసు చేతికిచ్చింది. ఇచ్చాక తనే చేతులు చూసుకుంది.

ఆమెకు అమ్మడం ఇష్టం లేదు. ఊళ్ళో ఇల్లు కూలిపోయింది, ఇందిరకు తెలిసిన చోటు ఇదొక్కటే. హైదరాబాద్‌లో ఏ గల్లీ అని వెతుక్కుంటుంది, అంది. తర్వాత నవ్వి, "సందేళ ఈ బావి కాడికి ఒక్కతి పోవాలంటె భయపడేది. కప్ప దుంకినా ఉరుక్కుంట అచ్చేది. అడివిల ఎట్లుంటదో" అంది.

ఆమెను ఏమని పిలవాలో ఇంతవరకు తేల్చుకోలేదు. మా అవ్వయితే దొరసానీ అనేది. నేను అమ్మా అన్నాను. బయటికి వచ్చాక ఆ మాట మింగుడుపడలేదు. ఆమె బిడ్డ రావాలని చూస్తోంది. ఆ బిడ్డ రాకపోతే బాగుండునని నేను చూస్తున్నాను.

1 జూన్

ఇది రాసుకోవాలి. రోజూ పేపరు రాగానే జిల్లా పేజీ తీస్తున్నాను. ఎన్‌కౌంటర్ వార్త ఉంటే ఆడపేరు ఉందా అని చూస్తున్నాను. ఏం చూస్తున్నవే అని జలపతి ఇవాళ అడిగాడు. డీఏ సంగతి అన్నాను.

2 జూన్

దేవా, ఇవాళ కూడా చూశాను.

29 జూన్

ఓనర్ ఆగస్టు దాకా గడువిచ్చాడు. పెళ్ళి ఆగస్టులోనట. అబ్బాయి క్లాసులో నా వైపు చూడడం లేదు. వాడికీ సిగ్గుగానే ఉన్నట్టుంది.

19 జూలై

సిరిసిల్ల అవతల అడవిలో నిన్న ఎదురుకాల్పులు. ముగ్గురు చనిపోయారు. ఒకరు మహిళ. పేరు తెలియదు.

పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను, జలపతి చూడకుండా.

20 జూలై, ఆదివారం

పొద్దున్నే జగన్మోహన్ రావు వచ్చాడు. సిరిసిల్ల పోయి ఆ ఆడమనిషి శవాన్ని చూడమని ఠాణాలో చెప్పారట. చుట్టాలెవరూ వెంట రావడం లేదు. "ఆడమనిషి తోడుంటె బాగుండు టీచరమ్మా" అన్నాడు. జలపతి డ్యూటీలో ఉన్నాడు. అడగడానికి మనిషి లేడు, వెళ్ళాను.

కిరాయి జీపు. కథలాపూర్, వేములవాడ మీదుగా సిరిసిల్ల. దారంతా ముసురు.

దవాఖాన వెనుక గదిలో ఉంచారు. ఫినాయిల్ వాసన. అటెండర్ గుడ్డ తీశాడు. మొఖం ఉబ్బిపోయి ఉంది, ఎవరిదైనా కావచ్చు. వయసు కూడా ఇరవై ఐదు, ముప్ఫై మధ్యన. నేను మొఖం చూడలేక చేతులు చూశాను.

ఎడమ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. పాతది. చిన్నప్పుడు పొడిపించింది, చెయ్యి పెరుగుతుంటే గీతలు పక్కకు పాకాయి. నా చేతి మీదా ఉంది, తేలు కాదు, మూడు చుక్కలు, జాతరలో మా అవ్వ పొడిపించింది. దొరల ఇళ్ళలో ఆడపిల్లకు తేలు పొడిపించరు. కుడిచేతి చూపుడువేలు కొస చదునుగా అరిగి ఉంది. మా చిన్నమ్మకు అట్లాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేలు అది.

కానిస్టేబుల్ ఎవరని అడిగాడు. జగన్మోహన్ రావు చాలాసేపు చూశాడు. అతనూ ఆ చెయ్యి చూశాడు. నేను గమనించాను.

"మా చెల్లె. ఇందిర."

నేను అతని వైపు తిరిగాను. అతను నా కాళ్ళ వైపు చూస్తున్నాడు.

పంచనామాకు సాక్షులు కావాలన్నారు. గవర్నమెంటు ఉద్యోగి అయితే మంచిదన్నారు. జీపు డ్రైవర్ ఒకరు, నేను ఒకరు. బాలమణి, స్కూల్ అసిస్టెంట్, కోరుట్ల. ఎప్పుడూ చేసే సంతకమే, అక్షరం వంకర పోలేదు.

ఎందుకు చేశాను? భయపడి అని రాసుకోవచ్చు. పోలీసులున్నారు, నిజంగానే భయం వేసింది. కానీ ముందు గుర్తుకొచ్చింది ఇల్లు.

అదే రోజు, సాయంత్రం 7

శవాన్ని ఇంటికి తెచ్చారు. గంటలో దహనం అయిపోవాలని పోలీసులు చెప్పారు. జానకమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. కొడుకు వద్దంటున్నా గుడ్డ తొలగించింది. మొఖం చూసింది. ఎడమ చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తేలు మీద బొటనవేలితో రుద్దింది, మట్టి అయితే పోతుందేమోనన్నట్టు.

తల ఎత్తి కొడుకును చూసింది. అతను గోడ వైపు తిరిగాడు. అందరికన్నా వెనుక నేను నిలబడ్డాను, నన్నూ చూసింది. పసుపు తెమ్మంది. కాళ్ళకు, చేతులకు తనే రాసింది. అప్పుడు ఏడ్చింది. వీధి వాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు.

6 ఆగస్టు

డెత్ సర్టిఫికెట్ వచ్చింది. వకీలుకు చూపించాం. ఇక ఇద్దరే వారసులు, టైటిల్ క్లియర్ అన్నాడు.

తిరిగి వచ్చాక జగన్మోహన్ రావు అరుగు మీద కూర్చోబెట్టి తనే మొదలుపెట్టాడు. "నాక్కూడ కండ్లున్నయి టీచరమ్మా. తొమ్మిదేండ్లు నెలకోసారి ఠాణకు పోయిన. ఒకసారి అమ్మను గూడ పొద్దందాక బల్ల మీద కూసోవెట్టిండ్రు. ఇగ నాతోని కాదు." మళ్ళీ తనే, "దానికి గూడ మంచిదే గద. ఇగ దాని కోసం ఎవ్వలు ఎతకరు. పోస్టర్ల ఫోటో తీసేస్తరు" అన్నాడు.

నమ్మి అన్నాడో, నన్ను నమ్మించడానికి అన్నాడో తెలియదు. తల ఊపాను.

మరి ఆ పిల్ల ఎవరని నేను అడగలేదు. అతనూ అనలేదు.

14 ఆగస్టు

మూడో పీరియడ్‌లో ప్యూన్ వచ్చాడు, ఎవరో ముసలివాళ్ళు మీ కోసం వచ్చారని.

బక్కయ్య, సమ్మక్క. సిరిసిల్ల దాటి నాలుగు మైళ్ళ ఊరు. కూలి పని చేస్తారు. ఆమె బీడీలు కూడా చుడుతుంది. వాళ్ళ బిడ్డ తార ఐదేళ్ళ కింద అన్నలలోకి పోయింది. చనిపోయినవాళ్ళలో ఆడపిల్ల ఉందని వాళ్ళకు తెలిసేసరికి మూడు రోజులయింది. దవాఖానకు పోతే కోరుట్ల దొరలు తీసుకుపోయారని, ఒక టీచరమ్మ సంతకం పెట్టిందని అటెండర్ చెప్పాడట. అప్పటి నుంచి స్కూళ్ళన్నీ అడుగుతూ వచ్చారు.

"నా బిడ్డ ఎడమ చేతికి తేలు బొమ్మ పొడిపిచ్చిన, జాతరల. నువ్వు చూసినవా బిడ్డా?" అంది సమ్మక్క.

చేతులు చూడలేదన్నాను.

నేను చీర కొంగు చేతి మీదికి లాక్కున్నాను. ఎందుకో నా మూడు చుక్కలు ఆమెకు కనబడకూడదనిపించింది.

బక్కయ్య చెట్టు కింద కూర్చుని బీడీ కూడా వెలిగించలేదు. బెల్లు కొట్టేదాకా ఉండి లేచారు. పోతూ పోతూ సమ్మక్క ఒక్కటి అడిగింది, ఆ పిల్లను కాల్చిండ్రా, బొంద పెట్టిండ్రా అని. కాల్చారన్నాను.

"మా దాంట్ల బొంద పెడతరు" అంది.

15 ఆగస్టు

జెండా ఎగరేశాం. పిల్లలకు బిస్కెట్లు పంచాను. నాకు అన్నం పోలేదు.

18 ఆగస్టు, జగిత్యాల

వకీలు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక ప్రశ్న ఉందన్నాను. చనిపోయిందన్న మనిషి చనిపోకపోతే?

పెన్ను కింద పెట్టాడు. "సర్టిఫికెట్ కాయిదం మేడం. కాయిదంతోని మనిషి సావదు, హక్కు గూడ సావదు. ఆమె అస్తె ఆమె వంతు అమ్మకం చెల్లది. బ్యాంకుకు మీరిచ్చిన కుదువ గూడ అంత మేరకు లోపమే. అప్పు మాత్రం మీదే."

సర్, నాకు తెలిసింది ఒకటుంది, అని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్పకుండ్రి. చెప్తె రాయాలె. రాస్తె లోన్ రాదు, మీ నౌకరీ ఉండది, ఆ పంచనామల సంతకం మీదే గద. ఇంటికి పోయి ఆలోచన చేస్కోండ్రి."

మంచివాడే. బస్టాండ్ దాకా గొడుగిచ్చి గుమాస్తాను తోడు పంపించాడు.

27 ఆగస్టు, రిజిస్ట్రేషన్ రోజు

నేను ఆలోచించుకోలేదు. ఆలోచించకుండానే కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. జలపతి సెలవు పెట్టాడు, తలకు నూనె రాసుకుని వచ్చాడు. బ్యాంకు మనిషి డీడీతో వచ్చాడు. జానకమ్మను రిక్షాలో తీసుకొచ్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నర్సన్న దస్తావేజు చదివి వినిపించాడు. హద్దులు చదివాడు. తూర్పున రోడ్డు, పడమర ఎవరిదో ఖాళీ జాగ. తర్వాత, "మా కూతురు ఇందిర అవివాహితగా 18-7-1997 నాడు మరణించినందున, ఇతర వారసులెవ్వరూ లేనందున" అని చదివాడు.

"ఇంకోసారి సదువు" అంది జానకమ్మ.

చదివాడు.

"పెడత సంతకం" అంది. గొంతు మామూలుగానే ఉంది. "పెడత గని, రేపు నా బిడ్డ నిజంగ సస్తె పీనుగను ఎవలు తెచ్చుకుంటరురా జగన్? మనం ఒకసారి తెచ్చుకున్నం గద. మల్లా పోతె ఇయ్యరు గద."

ముసలామె మతి చలించిందని బ్యాంకు మనిషి అనుకున్నాడు. నీళ్ళు తెమ్మని కేక వేశాడు. జగన్మోహన్ రావు రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు గూడ చూసినవు గద బిడ్డా, ఆ చెయ్యి."

చూశానమ్మా అన్నాను.

ఆమె పెన్ను పట్టుకునే ఉంది. సంతకం పెట్టేదే, వేళ్ళు కాగితం మీదికి వచ్చాయి. నేను పెన్ను తీసుకున్నాను. వద్దమ్మా అన్నాను. నర్సన్నతో ఇవాళ వద్దన్నాను. జలపతితో ఇంటికి పోదామన్నాను.

ఆయన దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు. "ఏ ఇంటికి?"

31 ఆగస్టు, ఆదివారం

సిరిసిల్ల దాటి బక్కయ్య ఊరికి వెళ్ళాను. ఇంటి ముందు సమ్మక్క చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. చూశానని చెప్పాను. తేలు చెప్పాను, వేలు చెప్పాను, జానకమ్మ పసుపు రాసిన సంగతి చెప్పాను. ఇల్లు సంగతి కూడా చెప్పాను. తిడతారనుకుని వెళ్ళాను. తిట్టి ఉంటే బాగుండేది.

సమ్మక్క చేతులు ఆగలేదు. చుడుతూనే వింది. అన్నీ అయ్యాక చాట పక్కకు పెట్టి లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది.

బక్కయ్య కాగితం ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు. పోలీసులు ఇప్పటికీ వస్తున్నారట, తార ఏడున్నదో చెప్పమని. సచ్చిపోయిందంటే కాయిదం చూపెట్టు అంటున్నారట.

3 సెప్టెంబర్, సిరిసిల్ల

జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి పోలీసు ఆఫీసులో ఇచ్చాను. లోపలి అధికారి చదివాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అప్పుడు పెట్టిన సంతకం అబద్ధమా, ఇప్పుడు రాసింది అబద్ధమా అమ్మా? ఏదైనా కేసు మీ మీదనే అయితది. ఆమె సొంత అన్న గుర్తుపట్టిండు. పీనుగ కాలిపోయింది. ఇగ దేన్ని చూసి మార్చాలె?"

వాపసు తీసుకోమన్నాడు. తీసుకోలేదు. బల్ల మీదే ఉంచి వచ్చాను. తలుపు దాటాక వెనక్కి చూశాను. దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

14 సెప్టెంబర్

జగన్మోహన్ రావు వచ్చి బయానా వాపసిచ్చాడు, ఒక్క రూపాయి పట్టుకోకుండా. సిరిసిల్ల బట్టల సేటు ఒకరు కొన్నారట. నగదు. బ్యాంకు లేదు, లీగల్ ఒపీనియన్ లేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మొన్న రిజిస్ట్రేషన్ అయిపోయింది. జానకమ్మ సంతకం పెట్టిందట. ఎట్లా పెట్టిందని అడగలేదు.

గుమ్మంలో నిలబడి, "నేను పోయి తారను కాల్చిన అని మీరు రాసిచ్చిండ్రట గద" అన్నాడు. అవునన్నాను. ఆ పేరు అతని నోట మొదటిసారి విన్నాను. కోపంగా లేడు. నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

21 సెప్టెంబర్

వాళ్ళు వెళ్ళిపోయారు. లారీ ముందు సీట్లో జానకమ్మ, ఒళ్ళో ఆ ఫోటో. నేను రోడ్డు అవతల నిలబడ్డాను. ఆమె చూసిందో లేదో.

28 సెప్టెంబర్

శాంక్షన్ లెటర్ గడువు అయిపోయింది. పాత ఓనర్ నెల రోజులు ఆగాడు, ఇక ఏడో ఇంట్లోకి మారాం. రెండు గదులు, పైన రేకులు. కొత్త ఓనర్ ఇంటిపేరు అడిగాడు. అది చాలక ఊరు అడిగాడు, ఊళ్ళో ఏ దిక్కు అని అడిగాడు. జలపతి అన్నింటికీ నిజమే చెప్పాడు. సంక్రాంతి దాకా ఉండనిస్తానన్నాడు ఓనర్.

6 అక్టోబర్

పై నుంచి మెమో. పంచనామా విషయంలో సంజాయిషీ ఇవ్వాలట. నేనిచ్చిన రెండు పేజీలు ఎవరో చదివారన్నమాట. తార కోసం కాదు.

8 అక్టోబర్

బస్టాండ్‌లో కొత్త పోస్టర్. ఇందిర ఫోటో లేదు. ఆ చోట తార ఉంది.

19 అక్టోబర్, ఆదివారం

బక్కయ్య వచ్చాడు. బ్యాంకు వాపసిచ్చిన ఫైల్లో డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ ఉందని చెప్పాను. ఇస్తావా అన్నాడు. అందులో ఏముందో చదివి వినిపించాను. పేరు ఇందిర. తండ్రి పేరు శ్యాంసుందర్ రావు. ఇది పోలీసులకు పనికిరాదని చెప్పాను.

"తారీకు సరైందేనా?" అని అడిగాడు.

సరైందే అన్నాను.

మడిచి అంగి జేబులో పెట్టుకున్నాడు.